‘అన్నదమ్ముల్లా కలిసే ఉంటాయి’ట!

ఇక్కడ అమెరికాలో పిల్లలున్న మన ఐటీ వాళ్ళ ఇళ్ళలో నాకు లెపర్డ్ గెకోలు తెగ కనిపిస్తున్నాయి. కుక్కని పెంచుదామంటే అపార్ట్‌మెంటు వాళ్ళు నెలనెలా పెట్ రెంట్ అంటారు, ఇండియా వెళ్తే ఎవరు చూస్తారన్న బెంగ ఒకటి. గెకో అయితే మొరగదు, వాకింగుకి తీసుకెళ్ళక్కర్లేదు, రోజూ ఓ నాలుగు పురుగులు వేస్తే చాలు. బావుంది. ఇక్కడిదాకా నాకే పేచీ లేదు. పేచీ అంతా ఆ తర్వాతి మాటతోనే. "ఒక్కటే ఉంటే పాపం బోరు కొడుతుందని, తోడుగా ఇంకోటి తెచ్చామండీ!"

తోడట! బాచిలర్ రోజుల్లో ఒక ఫ్లాట్లో ఆరుగురం సర్దుకున్న అలవాటు కదా మనది, దాన్ని తీసుకెళ్ళి గెకోకి అంటగట్టేస్తున్నాం. దీని సొంతూరు అఫ్ఘనిస్తాన్, పాకిస్తాన్, మన వాయవ్య భారతంలోని రాళ్ళ నేలలు. పగలంతా బండల సందుల్లో దూరి పడుకుని, చీకటి పడ్డాక వేటకి బయటికొస్తుంది. మగది తన జాగాలోకి ఇంకో మగదాన్ని రానివ్వదు. ఎదురుపడితే కాళ్ళ మీద ఒళ్ళు పైకెత్తి, వీపు విల్లులా వంచి, తోక మెల్లగా అటూ ఇటూ ఊపుతుంది. ముద్దుగా ఉందని మనవాళ్ళు వీడియో తీస్తారు. దానర్థం "పో అవతలికి" అని. పోకపోతే కరుస్తుంది.

ఎదుటిది ఆడో మగో తేల్చుకోవడంలో ఒంటి వాసనది పెద్ద పాత్ర. 1990లో వచ్చిన ఒక పరిశోధనా పత్రంలో తమాషా అయిన సంగతి ఉంది. కుబుసం విడుస్తున్న ఆడదాన్ని మగది శత్రువనుకుని మీద పడింది, కుబుసం ఊడిపోగానే అదే ఆడదాని వెంట సరసానికి పోయింది! చర్మంలోని రసాయనాల మహిమ. అలాంటి జీవికి "వీడు నీ తమ్ముడురా" అని ఎలా నచ్చజెబుతారో నాకర్థం కాదు.

మన ఊళ్ళో ట్యూబులైటు కింద ఎన్నిసార్లు చూడలేదు చెప్పండి. ఓ పెద్ద మగ బల్లి పురుగుల కోసం కాపు కాస్తుంటుంది, ఇంకోటి వస్తుంది. టకటకమని ఒక అరుపు. (అమ్మమ్మ వెంటనే "సత్యం, సత్యం" అని వేలితో నేల మీద కొడుతుంది. బల్లి మాత్రం చాలాసార్లు "ఈ గోడ నాది" అని చెబుతోంది, అంతే.) తర్వాత కాసేపు తరుముడు. ఓడినది కేలెండరు వెనక్కో, వెంటిలేటర్లోంచి బయటికో జారుకుంటుంది. గొడవ ఖతం. ఓడినదానికి పారిపోయే దారి ఉండబట్టే అది ఖతమయింది. ఇక మీ పెట్టె సంగతి చూడండి. రెండున్నర అడుగుల పొడవు, అడుగు వెడల్పు. పైగా లెపర్డ్ గెకోకి బల్లిలాగా అంటుకునే పాదాలు లేవు, గాజు ఎక్కలేదు. ఎటు పరిగెత్తినా తిరిగి ఆ మగదాని ముందుకే రావాలి. ఎగ్జిట్ కండిషన్ లేని లూపు రాస్తే కోడ్ రివ్యూలో చీల్చి చెండాడతాం కదా, ఇది మాత్రం హాల్లో షోకేసు పక్కన పెట్టుకుంటాం.

"మేమెప్పుడూ కొట్టుకోవడం చూళ్ళేదే?" మా టీములో ఒకాయన ఇదే అన్నాడు. రెండూ ఒకదాని మీద ఒకటి పడుకుంటే ఫొటో తీసి ‘బ్రదర్స్’ అని గ్రూపులో పెట్టాడు కూడా. సార్, అవి తిరిగేదే మీరు పడుకున్నాక. పైగా పెట్టెలో వెచ్చటి చోటు ఒక్కటే. తిన్నది అరగాలంటే గెకో ఒంటికి వేడి తగలాలి. అందుకని రెండూ అక్కడికే చేరతాయి, బలమైనది పైనెక్కి కూచుంటుంది. రెండోది చల్లటి మూలకి పోతుంది, తిండి మానేస్తుంది, తోక సన్నబడుతుంది. కొవ్వు దాచుకునేది ఆ తోకలోనే, దాని సేవింగ్స్ ఎకౌంటు అదే. ఒక్క కాటూ పడకుండానే అది చిక్కి శల్యమైపోవచ్చు.

ఆయనింట్లో కాటు కూడా పడింది. ఒక పొద్దున పెట్టెలో తెగిన తోక విడిగా పడుంటే, ముందు చూసింది ఏడేళ్ళ కూతురు. తోక మళ్ళీ వస్తుంది లెండి, ముల్లంగిలా మొద్దుగా. షాపులో అడిగితే "ఒక్కోసారి అంతే" అన్నారట.

"ఒకే ఈతవి, చిన్నప్పట్నుంచీ కలిసే పెరిగాయి" అనేది ఇంకో వాదన. పిల్లలుగా ఉన్నప్పుడు ఆడో మగో పోల్చుకోవడమే కష్టం. కొన్ని నెలలు పోయాక గానీ వెనక కాళ్ళ మధ్య V ఆకారంలో రంధ్రాల వరస, తోక మొదట్లో ఉబ్బు స్పష్టంగా తెలియవు. అప్పటికి రిటర్న్ గడువు ఎప్పుడో అయిపోయుంటుంది. అసలు ఈ జాతిలో ఆడామగా తేలేది గుడ్డుకి తగిలిన వేడిని బట్టి. 26 డిగ్రీల సెల్సియస్ దగ్గర దాదాపు అన్నీ ఆడవే. 32.5 దగ్గర మగవి ఎక్కువ. ఇంకా పెంచి 34 దాటిస్తే మళ్ళీ ఆడవే ఎక్కువ. ఆస్టిన్‌లోని టెక్సాస్ విశ్వవిద్యాలయంలో డేవిడ్ క్రూస్ బృందం దీని మీద ఏళ్ళ తరబడి పనిచేసింది. మగవి ఎక్కువగా పుట్టే వేడిలో పొదిగిన మగవాటికి, ఆడవి ఎక్కువగా పుట్టే వేడిలో పొదిగిన మగవాటికన్నా దూకుడు ఎక్కువ అని కూడా వాళ్ళు గమనించారు. అంటే ఒకే ఇంక్యుబేటరు లోంచి మీకు ఇద్దరు ‘అన్నదమ్ములు’ దొరికారంటే, ఆ వేడి ఏ వైపుదయ్యుంటుందో మీరే ఊహించుకోండి.

పెద్ద పెట్టె కొంటే? దానికీ నాలుగు గోడలే. ఒక ఆడది, ఒక మగది పెడితే? మగది దాన్ని ఊపిరి తీసుకోనివ్వదు. ఆ తర్వాత గుడ్లు, పిల్లలు, వాటికెన్ని పెట్టెలు కొంటారు? ఫోను కొనడానికి పది రివ్యూలు చదివి, స్ప్రెడ్‌షీటు వేసి, డీల్ వచ్చేదాకా ఆగే జనం మనం. పదిహేను, ఇరవై ఏళ్ళు బతికే ప్రాణి విషయంలో మాత్రం కౌంటర్లో కుర్రాడు చెప్పిన మాట చాలా?

మీ ఇంట్లో ఇప్పటికే రెండు మగవి ఒకే పెట్టెలో ఉంటే వారాంతం దాకా ఆగకండి, ఈ రాత్రికే విడదీయండి. ఇంకో పెట్టె వచ్చేదాకా మూతకి చిల్లులు పెట్టిన ప్లాస్టిక్ డబ్బా చాలు. కింద పేపర్ టవల్, ఒక నీళ్ళ గిన్నె, దూరడానికి ఒక గూడు, ఒక పక్క అడుగున థర్మోస్టాటు తగిలించిన హీట్ మ్యాట్. గాయం ఎంత చిన్నదైనా సరే, సరీసృపాలని చూసే వెట్ దగ్గరికి తీసుకెళ్ళండి, మామూలు కుక్కల డాక్టరు దగ్గరికి కాదు.