మల్లెపాదుకు వేపాకు దుప్పటి

మార్చి వచ్చిందంటే అనంతపురంలో పెరటి మొక్కలకు గండం మొదలైనట్టే. పొద్దున పోసిన బిందెడు నీళ్లు మధ్యాహ్నానికి జాడ ఉండవు. ఏడాది మొత్తానికి సగటున 550 మిల్లీమీటర్ల వాన పడే నేల మరి! పాదుల్లో మట్టి కనపడకుండా ఏదైనా కప్పి ఉంచితే తేమ నిలుస్తుంది. దీన్నే మల్చింగ్ అంటారు. ప్రకృతి సేద్యం చేసేవాళ్లు ఆచ్ఛాదన అంటారు.

ఏం కప్పాలన్నదే ప్రశ్న. ఏ పుస్తకం తిరగేసినా వరిగడ్డి అనే ఉంటుంది. కిందటేడు నేనూ ఓ మోపు కొని వంగమొక్కల చుట్టూ పరుస్తుంటే పక్కింటి అవ్వ గోడ మీంచి చూసింది. "గొడ్డు తినేది మన్నులో వేస్తాండావే, నీ చదువు పాడుగాను!" అంది. ఏం చెప్పను? కరవొస్తే గడ్డి కోసం ఆవుల్ని అమ్ముకునే సీమ ఇది. ఆ మోపు అవ్వ ఎనుముకే పోయింది. వేరుశనగ కట్టె సంగతీ అంతే. అది మేత, పాదుల్లోకి కాదు.

ఇక వేరుశనగ పొట్టు. కాయలు ఒలిచే మిల్లుల్లో గోతాలకొద్దీ దొరుకుతుంది. కానీ గాలికి ఎగిరిపోతుంది, చెదలు పడుతుంది. మొదలుకుళ్లు తెగులు కూడా దాంతో రావచ్చు. అందుకే టమాటా, మిరప దగ్గరికి రానివ్వకండి. పేడతో కలిపి బాగా మాగబెట్టాకే వాడండి.

నా ఓటు వేపాకుకే. సరిగ్గా ఎండలు ముదిరే వేళకే వేప, కానుగ ఆకు రాలుస్తాయి. మనమేమో ఊడ్చి తగలబెడతాం! ముందు పాదు నిండా నీళ్లు పెట్టి, ఆ ఎండాకుల్ని జానెడులో సగం మందాన పరవండి. మొదలుకు నాలుగు వేళ్ల దూరం వదలండి. గాలికి లేవకుండా పైన నాలుగు కంది కంపలు పెడితే చాలు. నిమ్మ, కరివేపాకు లాంటి చెట్లకైతే గులకరాళ్లు పేర్చినా మంచిదే. రాళ్లన్నీ ఏరేస్తే చేలో తేమ ఆగదని పాత రైతులు చెప్పేది ఇందుకే.

ఒక్క చిక్కుంది. తొలకరిలో చిరుజల్లు పడితే ఆ తడంతా పైన ఆకులే తాగేస్తాయి, వేరుకు చుక్క అందదు. వాన పడింది కదా అని నీళ్లు మానేయకుండా, ఆకు తొలగించి మట్టిలో వేలు గుచ్చి చూడండి. అంతకంటే ముందు ఓ పుల్లతో కదిలించండి. చల్లగా ఉంటుందని తేళ్లు కూడా అక్కడే చేరతాయి.