ఎక్కేటప్పుడు సైకిలు... దిగేటప్పుడు రైలు!

విశాఖలో సైకిలు పిచ్చి పట్టిన కుర్రాళ్లను కదిపి చూడండి. 'ఎప్పటికైనా అరకు వెళ్లాలి' అంటారు. ఎలా వెళ్తారంటే చాలామంది చెప్పే ఉపాయం ఒకటే. సైకిలును రైల్లోనో లగేజీ ఆటోలోనో పైకి చేర్చేసి, అక్కణ్నుంచి జుయ్యిమంటూ దిగిపోవడం! వినడానికి హాయిగానే ఉంటుంది. చెమట పట్టదు, పిక్కలు పట్టెయ్యవు, చల్లగాలి మొహానికి కొడుతుంటుంది. ఇంట్లో పెద్దవాళ్లు కూడా 'దిగడమేగా, కష్టమేముంది' అని సరేననేస్తారు.

సరిగ్గా అక్కడే కాస్త ఆలోచించాలి. కొండ ఎక్కడం కష్టం... దిగడం ప్రమాదం. కష్టమనిపిస్తే ఆగొచ్చు, నీళ్లు తాగొచ్చు, సైకిలు దిగి నడవొచ్చు. ప్రమాదం అంత వ్యవధి ఇవ్వదు. అందుకే ఈ వారం ఆ ఉపాయాన్ని తలకిందులు చేద్దాం. సైకిలు మీద ఎక్కి, రైల్లో దిగుదాం. అంతకంటే ముందు సముద్రం ఒడ్డున కొన్నాళ్లు సాధన చేద్దాం.

ముందు భీమిలి దారి

ఆర్కే బీచ్ నుంచి భీమునిపట్నం దాకా పాతిక ముప్పై కిలోమీటర్ల దారి. కుడివైపు సముద్రం, ఎడమవైపు కొండలు. తెల్లారకముందే బయల్దేరితే కురుసుర జలాంతర్గామి దగ్గర నడకకు వచ్చినవాళ్లు తప్ప పెద్దగా బళ్లుండవు. తెన్నేటి పార్కు దాటి, జోడుగుళ్లపాలెం, సాగర్‌నగర్, రుషికొండ మీదుగా సాగిపోవచ్చు. పిల్లలతో వెళ్లేవాళ్లు తెన్నేటి పార్కు దాకా వెళ్లి వెనుదిరిగితే చాలు.

సముద్రం పక్కన రోడ్డు కదా, బల్లపరుపుగా ఉంటుందనుకోకండి. చిన్నచిన్న ఎత్తుపల్లాలు అడుగడుగునా పలకరిస్తాయి. ఎండ ఎక్కేకొద్దీ గాలి కూడా ఓ కొండే! ఈ తీరం నైరుతి నుంచి ఈశాన్యానికి సాగుతుంది. కాబట్టి నైరుతి గాలులు వీచే రోజుల్లో భీమిలి వెళ్లేటప్పుడు వెనక నుంచి ఎవరో తోస్తున్నట్టుంటుంది. 'అబ్బ, ఎంత బాగా తొక్కుతున్నాను' అని మురిసిపోతాం. తిరుగు ప్రయాణంలో అదే గాలి ఛాతీకి అడ్డం పడుతుంది. చలికాలంలో ఈశాన్య గాలులు వీచినప్పుడు ఇది తిరగబడుతుంది. వెళ్లేటప్పుడు సగం బలాన్నే ఖర్చు చేయాలన్న పాఠం ఇక్కడే ఒంటబడుతుంది.

మంగమారిపేట దగ్గర అలలు తొలిచిన రాతి తోరణం ఉంది. ఆటు సమయంలో వెళ్తే బాగా కనిపిస్తుంది. ఇంకాస్త ముందుకెళ్తే ఎర్రమట్టి దిబ్బలు. గాలీ, నీరూ, సముద్ర మట్టంలో మార్పులూ కలిసి వేల ఏళ్లలో తీర్చిన ఇసుక దిబ్బలివి. 2025లో యునెస్కో వారసత్వ సంపద తాత్కాలిక జాబితాలో చేరాయి. సైకిలును రోడ్డు మీదే ఉంచి నడిచి చూడండి. టైరు గీత పడిన చోటే వాననీరు దారి చేసుకుని మట్టిని కోసేస్తుంది.

భీమిలి చేరాక గోస్తనీ నది సముద్రంలో కలిసే చోటు, పాత లైట్‌హౌసు, డచ్చివారి సమాధులు చూడొచ్చు. 17వ శతాబ్దంలో డచ్చి వర్తకులు మకాం వేసిన ఊరిది. 1861లోనే పురపాలక సంఘం ఏర్పడింది. వేసవిలో వెళ్తే దారి పక్కన తాటిముంజెలు దొరుకుతాయి. ఎండలో తొక్కి వచ్చినవాడికే వాటి రుచి తెలిసేది!

తొట్లకొండ పరీక్ష

భీమిలి దారిలోనే ఎడమవైపు తొట్లకొండ ఉంది. రెండు వేల ఏళ్ల నాటి బౌద్ధారామం. రాతిలో తొలిచిన నీటి తొట్ల వల్లే దీనికా పేరు. సముద్ర మట్టానికి 128 మీటర్ల ఎత్తు. చూడ్డానికి చిన్న కొండే కానీ, అరకు వెళ్లాలనుకునేవాళ్లకు ఇదే పరీక్ష హాలు. ఎందుకంటే అరకు లోయ దాదాపు 900 మీటర్ల ఎత్తున ఉంది. అంటే ఏడు తొట్లకొండలు ఒకదానిమీద ఒకటి పెట్టినంత!

తొట్లకొండను ఆగకుండా ఎక్కగలిగారా, ఆయాసంలోనూ పక్కవాడితో నాలుగు మాటలు చెప్పగలిగారా అన్నది మొదటి ప్రశ్న. దిగేటప్పుడు బ్రేకులు మీ మాట విన్నాయా అన్నది రెండోది. మొదటిదానికి 'లేదు' అంటే మరికొన్ని వారాలు సాధన చేయాలి. రెండోదానికి 'లేదు' అంటే సైకిలు తిన్నగా మెకానిక్కు దగ్గరికి వెళ్లాలి.

ఇక ఘాట్‌రోడ్డు

విశాఖ నుంచి అరకు సుమారు 115 కిలోమీటర్లు. పెందుర్తి, కొత్తవలస మీదుగా శృంగవరపుకోట దాకా సగం దారి మైదానమే. అందరూ ఎస్.కోట అని పిలిచే ఆ ఊళ్లో కడుపునిండా టిఫిను తిని, సీసాలు నింపుకోవాలి. రాత్రికి అక్కడే ఆగి తెల్లారాక కొండ ఎక్కడం ఇంకా మంచిది. బొడ్డవర దాటాక అసలు కథ మొదలవుతుంది.

కార్లో వెళ్లేవాళ్లకు ఈ ఘాట్ అంటే వరస మలుపులు, కడుపులో తిప్పడం. సైకిలు మీద గంటకు ఏడెనిమిది కిలోమీటర్ల వేగంతో వెళ్లేవాడికి మాత్రం ఇది మరో లోకం. గాలి చల్లబడటం మలుపు మలుపుకీ తెలుస్తుంది. వెదురు పొదల్లో పిట్టల కూతలు, ఎక్కడో కింద గెడ్డ పారుతున్న చప్పుడు వినిపిస్తాయి. తైడ, అనంతగిరి దాటేసరికి సిల్వర్‌ఓక్ చెట్ల నీడన కాఫీ తోటలు, ఆ చెట్లను అల్లుకున్న మిరియాల తీగలు కనిపిస్తాయి. వేసవి తొలి జల్లులు పడ్డాక కాఫీ పూస్తే దారంతా మల్లెల వాసనే. చలికాలం మొదట్లో అరకు చుట్టూ వలిసె పూలు పసుపు ఆరబోసినట్టుంటాయి.

గేర్లు లేని సైకిలైతే చాలాచోట్ల దిగి నడిపించుకోవాల్సిందే. అందులో నామోషీ ఏమీ లేదు. గేర్లున్నా మొదటి మలుపు నుంచే అన్నిటికన్నా తేలిక గేరులో వెళ్లాలి. ప్రతి అరగంటకీ ఆగి నీళ్లు తాగాలి. అరటిపండో, బెల్లం, వేరుసెనగ పప్పో నోట్లో వేసుకోవాలి. మలుపు దగ్గర మాత్రం ఆగకూడదు. ఆదివారాలు, సెలవుల్లో పర్యాటకుల బళ్లు బారులు తీరతాయి కాబట్టి పనిదినమైతే మేలు. పొగమంచు ఉంటే విడిపోయేదాకా కదలొద్దు. హెల్మెట్టు, వెనక ఎర్ర లైటు, పంక్చరు సామాను, ఓ అదనపు ట్యూబు లేకుండా బయల్దేరొద్దు.

దిగేటప్పుడు ఏం జరుగుతుంది?

సైకిలూ మనిషీ కలిపి 80 కిలోలనుకుందాం. 900 మీటర్లు దిగేసరికి విడుదలయ్యే శక్తితో రెండు లీటర్ల చన్నీళ్లను మరిగించొచ్చు. అందులో కొంత గాలి లాక్కుంటుంది. మిగతాదంతా వేడిగా మారాల్సింది ఎక్కడో తెలుసా? వేలెడంత ఉండే బ్రేకు రబ్బర్లు, వాటికి రాసుకునే రిమ్ముల దగ్గర! ఆపకుండా బ్రేకు పట్టుకునే ఉంటే రిమ్ము కాలిపోతుంది, ట్యూబు పేలిపోవచ్చు. పట్టుకోకపోతే వేగం పెరుగుతుంది. వేగం రెట్టింపైతే బ్రేకు వేశాక ఆగడానికి పట్టే దూరం నాలుగు రెట్లవుతుంది. మలుపు అవతల ఆవు పడుకుని ఉంటుందో, బస్సు ఎదురొస్తుందో ఎవరికి తెలుసు?

పెద్ద బళ్లకే తప్పని ముప్పు ఇది. 2021 ఫిబ్రవరిలో అరకు చూసి దిగివస్తున్న పర్యాటకుల బస్సు ఈ ఘాట్‌లోనే డముకు దగ్గర లోయలో పడింది. నలుగురు ప్రాణాలు కోల్పోయారు.

పైగా దిగేటప్పటికి మనం అలిసిపోయి ఉంటాం. వేళ్లు చలికి బిగుసుకుంటాయి. అయినా దారిలో చిన్నచిన్న దిగుళ్లు తప్పవు. గాలికొండ ప్రాంతం దాటాక అరకు వైపు కొంత దిగాల్సిందే. అక్కడ మలుపులోకి వెళ్లాక కాదు, మలుపుకు ముందే వేగం తగ్గించాలి. రెండు బ్రేకులూ కలిపి, పట్టి వదులుతూ వాడాలి. ముందు బ్రేకు ఒక్కదాన్నే గట్టిగా నొక్కితే సైకిలు ఆగినా మనిషి ఆగడు.

కిటికీ పక్కన కూర్చుని...

అరకులో ఓ రాత్రి నిద్రపోయి, మర్నాడు కిరండూల్ నుంచి విశాఖ వచ్చే రైలెక్కండి. రైలు వేళలు, సైకిలును లగేజీ కింద బుక్ చేసే వీలు బయల్దేరే ముందే స్టేషన్లో కనుక్కోవాలి. కుదరకపోతే లగేజీ ఆటో ఉండనే ఉంది. ఈ రైలు అరకు నుంచి నేరుగా దిగదు. ముందు 996 మీటర్ల ఎత్తున ఉన్న శిమిలిగూడ స్టేషనుకు చేరి, ఆ తర్వాతే కిందికి దిగుతుంది. వరస సొరంగాల మధ్య లోయలు ఒక్కసారిగా తెరుచుకుంటుంటే పిల్లలు కిటికీ వదలరు. అందుకే ఇంట్లోవాళ్లను ముందురోజే రైల్లో అరకు రప్పించండి. ఎక్కినవాళ్లూ ఎదురుచూసినవాళ్లూ కలిసి దిగొచ్చు. తొక్కి వచ్చిన పిల్లాడు ఏ మలుపులో ఎంత ఆయాసపడ్డాడో చెబుతుంటే అమ్మ భయం లేకుండా వినగలుగుతుంది.