ఏకాకి ఉపాధ్యాయుడు - సంఘబలము

ఏ పెద్ద పాఠశాలలోనైనను గణితము చెప్పువారు నలుగురుందురు. చరిత్ర చెప్పువారు ముగ్గురుందురు. సందేహము కలిగినప్పుడు ప్రక్కగదికి బోయి యడిగి తెలిసికొనవచ్చును. అమెరికాదేశపు హైస్కూళ్లలో మనశ్శాస్త్రము బోధించు నుపాధ్యాయునకు తరచుగా ఆ ప్రక్కగది లేదు. బడికంతకును ఆతడొక్కడే. అందును పెక్కుమంది చరిత్రయో, ఇతర సాంఘికశాస్త్రములో నేర్చి యుద్యోగమున జేరినవారు. ఈ తరగతి తమ వంతునకు రాగా, పుస్తకమును చేతబట్టుకొని, పిల్లలకంటె నొక ప్రకరణము ముందుగా చదువుకొనుచు బోధింప నారంభించినవారు. ఇట్టి యేకాకులను ఒకరితో నొకరిని గలిపి, వారికి వెన్నుదన్నుగా నిలువవలసిన నాయకత్వ మెట్టిది? అది యెవరి చేతిలో నుండవలెను? ఈ ప్రశ్న చిన్నదిగా తోచవచ్చును గాని, లక్షలాది బాలబాలికలు తమ మనస్సును గూర్చి తామేమి నేర్చుకొందురనునది దీనిమీదనే యాధారపడి యున్నది.

ఆ దేశపు మనశ్శాస్త్రజ్ఞుల మహాసభయగు అమెరికన్ సైకలాజికల్ అసోసియేషన్ 1892లో, మసాచుసెట్స్ రాష్ట్రమునందలి క్లార్కు విశ్వవిద్యాలయమున, స్టాన్లీ హాలు పండితుని పూనికతో పుట్టినది. సరిగా నూరేండ్లకు, 1992లో, ఆ సభకు అనుబంధముగా హైస్కూలు ఉపాధ్యాయులకు తమదైన యొక సంఘ మేర్పడినది. టీచర్స్ ఆఫ్ సైకాలజీ ఇన్ సెకండరీ స్కూల్స్ అని దాని పేరు. వాడుకలో టాప్స్ అందురు. కాలేజి బోర్డువారు తమ అడ్వాన్స్డ్ ప్లేస్‌మెంటు పరీక్షలలో మనశ్శాస్త్రమును మొదటిసారి జరిపినదియు ఆ సంవత్సరమే. నేడు ఏటేట 3 లక్షలకు మించిన విద్యార్థులు ఆ పరీక్షకు కూర్చుండుచున్నారు. శిష్యులు లక్షలైరి, గురువు మాత్రము తన బడిలో ఒంటరిగానే యుండెను.

ఆ యొంటరితనమును బాపుటకు జరిగిన కృషి తక్కువది కాదు. హైస్కూళ్లలో మనశ్శాస్త్రమున నేమి బోధింపవలెనో తెలుపు జాతీయ ప్రమాణములు 1999లో ఆమోదింపబడి, 2005, 2011, 2022 సంవత్సరములలో సవరింపబడినవి. వానిని రూపొందించుటలో విశ్వవిద్యాలయాచార్యులతో సమముగా హైస్కూలు ఉపాధ్యాయులు కూర్చుండిరి. తరగతిలో పనికివచ్చు పాఠప్రణాళికలను ఉపాధ్యాయులే వ్రాసి తోడివారికి పంచుచున్నారు. క్లార్కు విశ్వవిద్యాలయమున వేసవి శిక్షణశిబిరములు నడచినవి. 2017లో యూటా రాష్ట్రమునందలి ఆగ్డెను నగరమున హైస్కూలు మనశ్శాస్త్రబోధనను గూర్చియే ప్రత్యేకముగా నొక సమావేశము జరిగినది.

తెరమీద పాఠములు కావలసినన్ని దొరకుచుండగా సంఘమేల, నాయకులేల యని యడుగువారు గలరు. పాఠము దొరకును, ఆ పాఠము నేటికిని నిజమేనా యని చెప్పువారు దొరకవలెను గదా! మనశ్శాస్త్రము తన తప్పులను తానే దిద్దుకొనుచు బోవు శాస్త్రము. 1964లో న్యూయార్కు నగరమున నొక యువతి హత్యకు గురియగుచుండగా 38 మంది చూచుచు నూరకుండిరను కథ దశాబ్దములపాటు పాఠ్యపుస్తకముల కెక్కినది. ఆ కథ చెప్పబడిన రూపమున నిలువదని 2007లో పరిశోధకులు సాక్ష్యములతో జూపిరి. 1971 నాటి స్టాన్‌ఫర్డు కారాగారప్రయోగమున కావలివారి క్రూరత్వము తనంతట పుట్టినది కాదనియు, ప్రయోగకర్తల ప్రోద్బలము దానికి గలదనియు 2018లో బలమైన విమర్శ వెలువడినది. ఒక్కొక్క విద్యార్థికి ఒక్కొక్క అభ్యాసరీతి కలదనియు, దాని కనుగుణముగా బోధింపవలెననియు చెప్పు ప్రసిద్ధవాదమునకు తగిన ప్రమాణము లేదని 2008లోనే తేలినది. శాస్త్రజ్ఞుల పత్రికలలో జరిగిన యీ దిద్దుబాటు, మారుమూల బడిలో పాతపుస్తకము పట్టుకొనియున్న ఉపాధ్యాయునకు ఎవరు చేరవేయుదురు? చేరవేయువారు లేనినాడు, శాస్త్రము విడిచిపెట్టిన కథను బడి పట్టుకొని వ్రేలాడును. ఇదియే మా మొదటి సమాధానము.

రెండవది యింతకంటె సున్నితమైనది. రసాయనశాస్త్రపు గదిలో పరీక్షింపబడునది గాజుగొట్టములోని ద్రవము. మనశ్శాస్త్రపు గదిలో ప్రతి విద్యార్థియు పాఠములో తన్ను తాను చూచుకొనును. 2023లో అమెరికాప్రభుత్వపు వ్యాధినివారణ కేంద్రములు జరిపిన విచారణలో, హైస్కూలు విద్యార్థులలో నూటికి 40 మంది యెడతెగని విచారముతో, నిరాశతో నున్నట్లు తెలిపిరి. క్రుంగుబాటును గూర్చిన పాఠము ముగియగానే ఒక బాలిక వెనుక నిలిచి, తన యింటిమాట చెప్పుకొన నారంభించినచో ఉపాధ్యాయుడేమి చేయవలెను? ఆతడు వైద్యుడు కాడు. వినకపోవుట నిర్దయ, వైద్యుడై చికిత్సకు దిగుట ప్రమాదము. ఎంతవరకు వినవలెనో, ఎప్పుడు ఎవరి కప్పగింపవలెనో, అట్టి సందర్భమును ఎదుర్కొన్న తోడి ఉపాధ్యాయుడు చెప్పినట్లు ఏ గ్రంథము చెప్పగలదు?

ఇక మూడవది ధైర్యమునకు సంబంధించినది. ఫ్లోరిడా రాష్ట్రమున లైంగిక ప్రవృత్తిని, లింగభావమును గూర్చిన బోధనపై 2022 శాసనముతో మొదలైన నిషేధమును 2023 ఏప్రిలులో పండ్రెండవ తరగతివరకు విస్తరించిరి. ఈ విషయములు మానవవికాస పాఠములో భాగములు. పాఠమును కత్తిరింపుడని యడుగగా కాలేజి బోర్డు నిరాకరించినది. మహాసభయు కోతను ప్రతిఘటించినది. ఆ ఆగస్టు 3వ తేదీన బోర్డు, తమ పాఠము ఆ రాష్ట్రమున వాస్తవముగా నిషేధింపబడినదని ప్రకటించినది. మరునాడే రాష్ట్రవిద్యాధికారి, వయస్సునకు తగిన రీతిని పూర్తిగా బోధింపవచ్చునని లేఖ వ్రాసెను. బడులు తెరచుటకు కొలదిదినములే యున్నవి. కొన్ని జిల్లాలు పాఠమును మార్చివేసినవి, కొన్ని నిలుపుకొన్నవి. ఆ వారములలో ఒంటరి ఉపాధ్యాయుని స్థితిని పాఠకులు భావింతురుగాక! శాస్త్రమును పూర్తిగా చెప్పినచో ఉద్యోగమునకు ముప్పేమో. సగము చెప్పినచో శిష్యులకు ద్రోహమేమో. అట్టి తరుణమున, ఈ పాఠము శాస్త్రసమ్మతమని బాహాటముగా పలుకు సంఘము వెనుకనుండుట ఉపాధ్యాయునకు కవచము వంటిది.

అయినచో నాయకత్వ మెట్లుండవలెను? మా యభిప్రాయమున, సుద్దముక్క చేతబట్టినవారే ఈ సంఘమును నడుపవలెను. విశ్వవిద్యాలయాచార్యులు జ్ఞానమీయవచ్చును, ఆజ్ఞలీయరాదు. ముప్పదిమంది పదునేడేండ్లవారిని నలువదియైదు నిమిషములు కూర్చుండబెట్టుట యెట్టిదో ఆచార్యులకు అనుభవములేదు. పదవి బిరుదముగాక సేవ కావలెను. ఒకరి పదవీకాలము ముగియులోపల దూరప్రాంతపు మరియొక ఉపాధ్యాయుని సిద్ధముచేయని నాయకుడు, ఎన్ని యుపన్యాసము లిచ్చినను, పని ముగించినవాడు కాడు.

ధనవిషయము నిచట చెప్పక తప్పదు. సమావేశమునకు బోవుటకు ప్రయాణవ్యయము కావలెను. వెనుక తరగతి చూచువానికి జీతమీయవలెను. వీనిని బడి భరింపనిచో, సంపన్నములైన బడుల ఉపాధ్యాయులే కలిసికొనుచుందురు. సహాయ మెవరికి ముఖ్యముగా కావలెనో వారే దూరముగా నుందురు. 2024లో అడ్వాన్స్డ్ ప్లేస్‌మెంటు పాఠ్యక్రమము 9 భాగములనుండి 5 భాగములకు మార్పబడినపుడు ప్రతి ఉపాధ్యాయుడును తన పాఠములను తిరిగి కూర్చుకొనవలసివచ్చెను. తోడున్నవారికది కొన్నివారముల పని. తోడులేనివారికి సంవత్సరపు భారము. జాతీయసంఘమొక్కటియే చాలదు, జిల్లాకొక చిన్నకూటమి యుండి, నెలకొకసారియైనను ముఖాముఖి కలియవలెను.

ఎక్కడిదో యమెరికా విషయము మనకేల యని పాఠకు లనుకొనవచ్చును. ఆ తరగతులలో కూర్చున్నవారిలో టెక్సాసునందును న్యూజెర్సీయందును స్థిరపడిన తెలుగువారి బిడ్డలు గలరు. మన దేశముననో, విశాఖపట్టణమున ప్రవేశపరీక్షకు చదువుచు మరణించిన యొక బాలిక వ్యాజ్యమున 2025 జులైలో సుప్రీముకోర్టు, 100 మందియు అంతకుమించియు విద్యార్థులున్న ప్రతి విద్యాసంస్థయందును అర్హతగల మనోవైద్యసలహాదారుని వంటివా రొకరైనను ఉండవలెనని యాదేశించినది. ఆ యొక్కరును రేపు మన బడులలో ఏకాకియే యగును. నియామకపత్ర మిచ్చి గదిచూపి విడిచిపెట్టుటతో బాధ్యత తీరదు. వారిని తోడివారితో గలుపు కూటమిని నియామకముతోపాటే యేర్పరచుట మన ప్రభుత్వముల విధి. ఆ కూటమికి తమలోనుండియే నాయకుల నెన్నుకొనుట ఆ యుద్యోగుల విధి. ఈ రెండింటిలో దేనికిని మరియొక మరణము సంభవించువరకు వేచియుండ పనిలేదు.