పెరటి తోట: రామములగ నారు



మృగశిర కార్తె ప్రవేశించి తొలకరి చినుకు పడగానే పెరటిలో విత్తు చల్లవలెనను వేడుక మనకందఱకును కలుగును. ఆ తొందరయే నిరుడు మమ్ము నష్టపఱచినది.

2023 జూలైలో మదనపల్లె విపణిలో టొమాటో కిలో 150 రూపాయలు దాటినప్పటినుండి, బడిపంతులు జీతముతో గడచు మా యింట ఆ కూర పెరటిలోనే పండవలెనని మా అత్తగారి కోరిక. టొమాటోనే మన పెద్దలు రామములగ యనిరి. నిరుడు తొలివానకే, నేలతో సమముగ నున్న మడిలో నారు పోసితిమి. నీరు నిలిచెను. మొలకలు మొదట మెత్తబడి మూడు దినములలో ఒరిగిపోయినవి. దీనిని నారుకుళ్ళు తెగులందురు. అత్తగారు దాచిన విత్తనమంతయు ఆ యొక్క మడిలోనే పోసియుంటిమి. వారు మమ్మొక మాటయు అనలేదు గాని, విత్తనము కట్టిన గుడ్డను ఉతికి ఆరవేయుచుండగా చూచి మాకు మిక్కిలి సిగ్గు కలిగెను.

ఈ యేడు చేసిన విధమిది. రోహిణి యెండలలోనే మడి త్రవ్వి మన్ను ఎండనిచ్చితిమి. పురుగుల గుడ్లును, కలుపు వేళ్ళును చాలవఱకు నశించును. రామములగ వంగ, మిరపల కుటుంబములోనిది. కావున నిరుడు అవి పెరిగిన చోటును విడిచితిమి. బాగుగ చివికిన పశువుల యెరువును, వేపపిండిని కలిపి, జానెడు ఎత్తున మడి కట్టి చుట్టును కాలువ తీసితిమి. పచ్చిపేడ వేయరాదు, వేళ్ళు మాడును. వరుసకు వరుసకు నాలుగంగుళముల యెడమిచ్చి, విత్తును పలుచగ అరయంగుళము లోతున వేసి, పైని వరిగడ్డి పఱచితిమి. మొలక కనబడగానే గడ్డి తీసి సన్నని వల కప్పవలెను. ఆకుముడుత తెగులును మోసికొని వచ్చు తెల్లదోమ అందులో చొరలేదు.

25 మొదలు 30 దినములకు నారు నాటుటకు తగియుండును. సాయంకాలమున మొక్కకు మొక్కకు మూరెడు ఎడమున, కాండము కొంత మునుగునట్లు నాటవలెను. మంటిలోని కాండమునకును వేళ్ళు పుట్టును. నీరు ఒకనాడు ఎండగట్టి మరునాడు ముంచినచో కాయ అడుగు నల్లబడును, పగులును.

అన్నిటికంటె ముఖ్యమైన దొకటి: విత్తనమంతయు ఒకేసారి పోయకుడు. సగము దాచి రెండు వారములకు పోసినచో, మొదటిది పోయినను రెండవది నిలుచును. మా మడిలో నారు నాలుగేసి ఆకులు వేసినది. అత్తగారు కాఫీయైనను త్రాగక మునుపే వెళ్ళి చూచి వచ్చుచున్నారు. మిగిలిన సగము విత్తనము వారి గుడ్డలోనే యున్నది.

వచ్చు నెలలో ఊతకఱ్ఱల విషయము వ్రాసెదము.