మేఘాలయ అంతర్వాహినులు: పటం లేని నదికి రక్షణ ఏదీ?

మేఘాలయలోని తూర్పు జైంతియా కొండల్లో ఏ వాగు ఎక్కడ పుట్టి ఎక్కడ తేలుతుందో నేలపై నిలబడి చెప్పడం కష్టం. వర్షాకాలంలో ఉరకలెత్తే ప్రవాహం ఒక రాతి బిలంలో దూరి కనుమరుగవుతుంది. ఎక్కడో అవతలి లోయలో గుహ ముఖద్వారం నుంచి మళ్లీ బయటపడుతుంది. నడుమ అది సాగే దారిని సాధారణ సర్వే పటాలు చూపవు. ఇటువంటి ప్రవాహానికి తెలుగులో అంతర్వాహిని అనే చక్కని మాట ఉంది. ప్రయాగలోని సరస్వతి విశ్వాసానికి చెందిన అంతర్వాహిని. జైంతియా కొండల్లోనివి మాత్రం తాడు కట్టుకొని దిగి కొలవగల నదులు.

కొలిచారు కూడా. 1990ల ఆరంభం నుంచి మేఘాలయకు చెందిన సాహసికులు బ్రిటన్, జర్మనీ తదితర దేశాల గుహాన్వేషకులతో కలిసి వానలు లేని నెలల్లో ఈ కొండల్లోకి దిగుతున్నారు. ఇప్పటికి 1,700కు పైగా గుహలను గుర్తించి, దాదాపు 500 కిలోమీటర్ల సొరంగ మార్గాలను పటాలకెక్కించారు. ఖాసీ భాషలో గుహను క్రెమ్ అంటారు. వీటిలో క్రెమ్ లియాట్ ప్రా ఒక్కటే 30 కిలోమీటర్లకు మించిన పొడవుంది. దేశ జలవనరుల చిత్రంలో ఇంత పెద్ద ఖాళీని పూరించే పని ప్రధానంగా ఔత్సాహికుల చేతుల్లో జరగడం గమనార్హం. పటం ఉన్నచోట నది ఉన్నట్టు రుజువవుతుంది, లేనిచోట అది ఎవరి లెక్కలోకీ రాదు. మన చట్టాల తీరును చూస్తే ఈ తేడా ఎంత కీలకమైనదో తెలుస్తుంది.

ముందుగా ఈ నీటి స్వభావాన్ని అర్థం చేసుకోవాలి. వాననీరు గాలిలోని, మట్టిలోని బొగ్గుపులుసు వాయువును కలుపుకొని స్వల్ప ఆమ్లంగా మారి సున్నపురాయిని కరిగిస్తుంది. పగుళ్లు బిలాలవుతాయి, బిలాలు కాలక్రమంలో నదులు పట్టేంత సొరంగాలవుతాయి. ఇసుక నేలలో ఇంకే నీరు గింజ గింజ మధ్య మెల్లగా వడకట్టుకుంటూ సాగుతుంది. సున్నపురాతి గుహలో ఆ వడపోత లేదు. పైన పడిన మురికి, నూనె, ఆమ్లం గంటల్లోనో రోజుల్లోనో కింది ఊళ్ల ఊటలకు చేరగలవు. పైగా ఆ చీకటిలో ఒక జీవలోకం ఉంది. క్రెమ్ ఉమ్‌లదావ్‌లో కనుగొన్న, 40 సెంటీమీటర్లకు మించి పెరిగే తెల్లని అంధమత్స్యం ప్రపంచంలో తెలిసిన భూగర్భ చేపలన్నిటిలోకీ పెద్దది. దానిని 2023లో కొత్త జాతిగా వర్ణించి, అక్కడి ప్నార్ ప్రజల పేరు పెట్టారు.

ఈ సున్నపురాయి మీదనే బొగ్గు పొరలున్నాయి. గంధకం అధికంగా ఉన్న ఆ బొగ్గును ఎలుక బొరియల్లాంటి ఇరుకు సొరంగాల ద్వారా తవ్వినప్పుడు, గాలి, నీరు సోకి గంధకామ్లం పుడుతుంది. జైంతియా కొండల మీదుగా బంగ్లాదేశ్‌లోని సిల్హెట్ ప్రాంతానికి వెళ్లే లూఖా నది శీతకాలంలో వింతైన నీలిరంగుకు మారుతున్నది. చూడటానికి అందమే, బతకడానికి చేపలకు మాత్రం వీలు కావడం లేదు. జాతీయ హరిత ట్రిబ్యునల్ 2014 ఏప్రిల్‌లో ఈ తవ్వకాలను నిషేధించినా అవి ఆగలేదు. 2018 డిసెంబరు 13న క్సాన్ వద్ద గనిలోకి నీరు పోటెత్తి 15 మంది కార్మికులు చిక్కుకుపోయారు. పక్కనున్న లైటైన్ నది నీరు చొరబడిందని భావించారు. భారీ పంపులు వారాల తరబడి తోడినా గనిలో నీటిమట్టం ఆశించినట్టు తగ్గలేదు. రెండు మృతదేహాలు మాత్రమే వెలికివచ్చాయి. భూమి కింద నీటి దారులు తెలియకపోతే సహాయక చర్యలు సైతం ఎలా కుంటుపడతాయో ఆ దుర్ఘటన చూపింది.

ఇక చట్టం సంగతి. భూగర్భజలంపై మన న్యాయచింతనకు ఒక ముఖ్యాధారం 1882 నాటి ఈజ్‌మెంట్ చట్టం. మొదట మద్రాసు రాజధాని, సెంట్రల్ ప్రావిన్సెస్, కూర్గులకు వర్తించిన ఈ చట్టం నేరుగా అమలులో లేని ప్రాంతాల్లోనూ న్యాయస్థానాలు దాని సూత్రాలను అనుసరిస్తూ వచ్చాయి. నిర్దిష్ట మార్గంలో పారని భూగర్భజలాన్ని తన హద్దుల్లో తోడుకొనే హక్కు భూయజమానిదని ఆ చట్టం చెబుతుంది. సహజమైన నిర్దిష్ట మార్గంలో పారే ప్రవాహమైతే, దాని పరిమాణం, దిశ, వేగం చెప్పుకోదగినంత మారకుండా కిందివారికి చేరాలంటుంది. గుహలోని నది ఈ రెండో కోవకు చెందినదని వాదించడానికి కావలసినంత ఆస్కారముంది. దానికి గట్లున్నాయి, దిశ ఉంది, కొలిచిన మార్గముంది. అయితే ఆ మార్గాన్ని చూపే పటం లేకపోతే వాదన నిలవదు. గుర్తించని నది బోరుబావి నీటితో సమానమై, పైనున్న భూయజమాని ఇష్టానికి లోబడిపోతుంది. గని అనుమతులకు చేసే అధ్యయనాలు నాలుగు బావుల్లో నీటిమట్టం కొలిచి సరిపెట్టుకుంటే, ఆ బావుల నడుమ సొరంగంలో పారే నది వాటికి చిక్కదు.

ఆంధ్రప్రదేశ్‌కు ఈ విషయంలో ఒక పాఠం ఇదివరకే ఉంది. అనంతగిరి కొండల్లోని బొర్రా గుహల నుంచి సాగే గోస్తని నది నీరే తాటిపూడి జలాశయం ద్వారా విశాఖపట్నం దాహం తీర్చడంలో తోడ్పడుతున్నది. బొర్రా పరిసర గ్రామాల్లో ప్రైవేటు గనుల లీజులపై సుప్రీంకోర్టు 1997 జులైలో సమత కేసులో చరిత్రాత్మక తీర్పు ఇచ్చింది. షెడ్యూల్డ్ ప్రాంతంలోని ప్రభుత్వ భూమిని గిరిజనేతరులకు లీజుకివ్వరాదన్నది దాని సారాంశం. అంటే ఆ కొండలకు దక్కిన రక్షణ గిరిజన భూమిగా దక్కినదే, అంతర్వాహినికి దక్కినది కాదు. ఆరో షెడ్యూల్ కింద ఉన్న మేఘాలయలో ఆ కవచం పనికిరాదు. అక్కడ భూమి చాలావరకు వంశాలది, సముదాయాలది, వ్యక్తులది. తవ్వే హక్కు కోరేవారిలో గిరిజనులే ఉన్నారు. 2019 జులైలో సుప్రీంకోర్టు ఆ యాజమాన్యాన్ని అంగీకరిస్తూనే, గనుల చట్టం ప్రకారం లీజు, అనుమతులు తప్పనిసరి అన్నది. అందువల్ల అక్కడ నీటిని నీరుగానే కాపాడుకోవలసి ఉంటుంది.

అది అసాధ్యమేమీ కాదు. స్లొవేనియాలోని ష్కోత్స్యాన్ గుహల్లోకి దూకే రెకా నది 30 కిలోమీటర్లకు పైగా భూగర్భంలో సాగి ఇటలీలోని తిమావో ఊటల వద్ద పైకి వస్తుంది. ఆ రెండూ ఒకటేనని శతాబ్దం కిందటే నీటిలో రసాయనాలు కలిపి రుజువు చేశారు. ఆ గుహలు 1986లో ప్రపంచ వారసత్వ జాబితాలోనూ, 1999లో చిత్తడి నేలల రామ్‌సర్ జాబితాలోనూ చేరాయి. భూగర్భంలోని చిత్తడి నేలను కూడా రామ్‌సర్ ఒప్పందం గుర్తిస్తుందన్న సంగతి మన దగ్గర అంతగా చర్చకు రాలేదు.

నంద్యాల జిల్లా బెలుం గుహల అడుగున పాతాళగంగ అనే ప్రవాహం ఉంది. అది రాతిలోకి ఇంకి, సుమారు రెండు కిలోమీటర్ల దూరంలోని బెలుం గ్రామ బావికి చేరుతుందని స్థానికుల నమ్మకం. హాని చేయని రంగును కొన్ని గ్రాములు ఆ నీటిలో కలిపి, బావి దగ్గర కొన్ని రోజులు నమూనాలు తీస్తే అది నిజమో కాదో తేలుతుంది. చుట్టూ ఉన్నవి సిమెంటు పరిశ్రమ కోరుకొనే సున్నపురాయి నేలలే గనుక, లీజు దరఖాస్తులు రాకముందే ఆ పరీక్ష చేయించడం మేలు.