డాక్టర్ల బర్నౌట్ సర్వేల్లో కులం గడి ఎందుకు లేదు?

డాక్టర్ల బర్నౌట్ మీద మన దేశంలో ఇప్పుడు పేపర్లు కుప్పలుగా వస్తున్నాయి. పీహెచ్‌డీ కోసం నేను చదివేది అవే. దాదాపు అన్నిటిలో మొదటి పట్టిక ఒకేలా ఉంటుంది: వయసు, జెండర్, పెళ్లి, డిపార్ట్‌మెంట్, వారానికి డ్యూటీ గంటలు. కులం గడి ఉండదు. మెడికల్ కాలేజీలో ఎవరు ఏ కేటగిరీలో చేరారో, ర్యాంకు ఎంతో మొదటి వారంలోనే హాస్టల్ మొత్తానికి తెలిసిపోతుంది. తెలియనిదల్లా పరిశోధకులకే!

బర్నౌట్‌ను కొలవడానికి ఎక్కువమంది వాడేది క్రిస్టినా మస్లాక్, సుసాన్ జాక్సన్ 1981లో ప్రచురించిన స్కేలు. అది మూడు విషయాలు చూస్తుంది. భావోద్వేగపరంగా అలిసిపోవడం, ఎదుటి మనిషిని మనిషిగా చూడలేకపోవడం, చేసిన పనికి విలువ లేదనిపించడం. 2019లో ప్రపంచ ఆరోగ్య సంస్థ బర్నౌట్ జబ్బు కాదనీ, పనిచోటులోని ఒత్తిడిని సరిగా సంబాళించకపోవడం వల్ల వచ్చే పరిస్థితి అనీ స్పష్టం చేసింది. అంటే సరిచేయాల్సింది పనిచోటును. మన కాలేజీలు మాత్రం శనివారం యోగా, ఏడాదికోసారి 'రెసిలియన్స్' వర్క్‌షాప్ పెట్టి చేతులు దులుపుకుంటున్నాయి.

ఆ వర్క్‌షాపుల్లో 'ఎమోషన్ రెగ్యులేషన్' అనే మాట తరచూ వినిపిస్తుంది. దీని మీద ఎక్కువ పని చేసిన మనస్తత్వవేత్త జేమ్స్ గ్రాస్. భావాన్ని బయటికి కనబడనీయకుండా అణచుకోవడం ఒక పద్ధతి, పరిస్థితికి మరో అర్థం చెప్పుకొని భావాన్నే మార్చుకోవడం ఇంకొకటి. 1993లో గ్రాస్, లెవెన్సన్ కలిసి చేసిన ప్రయోగంలో విద్యార్థులకు చేయి తొలగించే ఆపరేషన్ లాంటి ఫిల్ములు చూపించి, కొందరిని ముఖంలో ఏమీ కనబడనీయొద్దన్నారు. ముఖం అదుపులోకి వచ్చింది గానీ లోపలి జుగుప్స తగ్గలేదు, శరీరంలో ఉద్రేకపు గుర్తులు కొన్ని పెరిగాయి కూడా. 2000లో రిచర్డ్స్, గ్రాస్ చేసిన పరిశోధనలో అలా అణచుకునేవాళ్లకు ఆ సమయంలో విన్న విషయాలు సరిగా గుర్తుండలేదు.

దీన్ని వార్డు రౌండ్స్‌లో పెట్టి చూడండి. రిజర్వేషన్ మీద ఒక విసురు పడుతుంది, చుట్టూ ఉన్నవాళ్లు నవ్వుతారు. ఎస్సీ పీజీ స్టూడెంట్ ముఖం కదలనివ్వకుండా నిలబడుతుంది. ఆ రెండు నిమిషాల్లో ప్రొఫెసర్ చెప్పిన డోసు ఆమెకు ఎక్కకపోతే, మర్నాడు దానికి పేరు 'మెరిట్ లేకపోవడం'. అవమానాన్ని దిగమింగడానికి ఖర్చైన బుద్ధిని ఏ స్కేలూ లెక్కపెట్టదు. పోనీ రెండో పద్ధతి వాడాలా? సీనియర్ తిట్టాడంటే నేర్పడానికే అనుకో, అని జూనియర్లకు ఎలాగూ రోజూ చెబుతూనే ఉన్నారు. కులావమానానికి మంచి అర్థం వెతుక్కోమనడం చికిత్స ఎలా అవుతుంది?

2019 మేలో ముంబైలో గైనకాలజీ పీజీ చేస్తున్న తడ్వీ భిల్ ఆదివాసీ డాక్టర్ పాయల్ తడ్వీ ఆత్మహత్య చేసుకుంది. ముగ్గురు సీనియర్ల వేధింపుల గురించి ముందే చెప్పుకున్నామని కుటుంబం అంటోంది. వాళ్ల మీద అట్రాసిటీ చట్టం కింద కేసు నడుస్తోంది. 2023 ఫిబ్రవరిలో వరంగల్‌లో అనస్థీషియా పీజీ చేస్తున్న లంబాడా అమ్మాయి మరణించినప్పుడు కూడా ఒక సీనియర్ మీద అదే చట్టం కింద కేసు పెట్టారు. ఇవేవీ హఠాత్తుగా ఊడిపడలేదు. ఢిల్లీ ఎయిమ్స్‌లో ఎస్సీ, ఎస్టీ విద్యార్థులు హాస్టల్లోనూ ఇంటర్నల్ మార్కుల్లోనూ ఎదుర్కొంటున్న వివక్షను సుఖదేవ్ థోరాట్ కమిటీ 2007లోనే రాసిపెట్టింది.

డ్యూటీ గంటలు అందరి సమస్య కాదా అంటారు. అవును. 1992 నాటి కేంద్ర రెసిడెన్సీ నిబంధనల్లో వారానికి 48 గంటలు అని ఉంది. 2024లో జాతీయ మెడికల్ కమిషన్ టాస్క్‌ఫోర్స్ 74 గంటలు దాటొద్దంది. ముప్పై రెండేళ్లలో సిఫారసే 26 గంటలు పెరిగింది! అయితే అంబేడ్కర్ చెప్పిన నిచ్చెనమెట్ల అసమానత డ్యూటీ చార్టులోనూ పనిచేస్తుంది. పండగ రాత్రి డ్యూటీ ఎవరికి, ఆపరేషన్ థియేటర్లో కత్తి పట్టే అవకాశం ఎవరికి అన్నది గంటల లెక్కలో కనబడదు.

ఆ నిచ్చెన డాక్టర్ల దగ్గర ఆగిపోదు. అలిసిన డాక్టర్ విసుగు సర్కారు ఆసుపత్రిలో ఎవరి మీద పడుతుంది? నేల మీద పడుకున్న పేషెంటు మీద, కాంట్రాక్టు పారిశుధ్య కార్మికురాలి మీద. వాళ్లలో ఎక్కువమంది మనవాళ్లే. ఆ కార్మికురాలి బర్నౌట్ కొలిచిన పేపర్ ఒక్కటీ నా చేతికి రాలేదు.

నా ప్రశ్నాపత్రం నుంచి కులం ప్రశ్న 'సున్నితం' కాబట్టి తీసేయమని ఒక ఎథిక్స్ కమిటీ చెప్పింది. అదే పత్రంలో ఆత్మహత్య ఆలోచనల గురించిన ప్రశ్న ఉంది, దానికి అభ్యంతరం రాలేదు. నేను రెండూ ఉంచాలని తిరిగి రాశాను. కాలేజీలను అడగాల్సినవీ కష్టమైనవేం కావు: డ్యూటీ చార్టు, సర్జరీ అవకాశాల లెక్క కేటగిరీ వారీగా ప్రతి మూడు నెలలకూ నోటీసు బోర్డు మీద పెట్టాలి. ఫిర్యాదు తీసుకునే ఎస్సీ, ఎస్టీ సెల్ అదే డిపార్ట్‌మెంట్ హెడ్ కింద ఉండకూడదు. ఎందుకంటే పీజీ స్టూడెంట్ లాగ్‌బుక్, థీసిస్, సెలవు చీటీ, మూడింటి మీదా సంతకం పెట్టేది ఆయనే.