స్విమ్మింగ్ పూల్ తవ్వుతున్నారా? ముందు బోరు సంగతి చూసుకోండి

ఇల్లు కట్టుకుంటూ, పనిలో పనిగా స్విమ్మింగ్ పూల్ కూడా వేయిద్దామనుకుంటున్నవాళ్లు ఒక్క నిమిషం ఆగి ఇది చదవండి. సిద్దిపేట నుంచి గజ్వేల్ దాకా, అక్కడి నుంచి వర్గల్, ములుగు, మర్కూక్ వైపు రాజీవ్ రహదారికి అటూ ఇటూ ఫామ్‌హౌస్‌లు వెలుస్తున్నాయి. నీలం టైల్స్ పరిచిన తొట్టి ఉంటేనే ఫామ్‌హౌస్ అన్నట్టు తయారైంది. కష్టపడి సంపాదించుకున్నారు, పిల్లలు ఈత కొడితే చూసుకోవాలని ముచ్చటపడ్డారు. కాదనడానికి మేమెవరం? కాకపోతే కాంట్రాక్టరు కట్టే ఖర్చే చెబుతాడు. దాన్ని నిండుగా ఉంచే ఖర్చు మీరే లెక్కేసుకోవాలి.

30 అడుగుల పొడవు, 15 అడుగుల వెడల్పు, సగటున నాలుగున్నర అడుగుల లోతు. ఇది మరీ పెద్ద పూల్ ఏమీ కాదు. అయినా నిండాలంటే దాదాపు 57 వేల లీటర్లు కావాలి. అయిదు వేల లీటర్ల ట్యాంకర్లు పదకొండు పోసినా ఇంకా వెలితే. మిషన్ భగీరథ తాగునీటి పథకం కింద పల్లెల్లో మనిషికి రోజుకు 100 లీటర్లని లెక్క కట్టారు. ఆ లెక్కన ఇది 570 మంది ఉన్న ఊరికి ఒక రోజు నీళ్లు.

ఒకసారి నింపితే అయిపోతుందా? మనది ఎడారి కాదు, నిజమే. కానీ మే నెల ఎండకు, వడగాలికి తెరిచి ఉన్న నీళ్లు రోజుకు సుమారు ఒక సెంటీమీటరు ఆవిరైపోతాయి. వింటే చిన్న మాటే. పైన చెప్పిన పూల్‌లో ఆ ఒక్క సెంటీమీటరే 400 లీటర్ల పైమాట. నెలకు 12 వేల లీటర్లు, ఎవరూ ముట్టుకోకుండానే పోతాయి. పిల్లలు దూకితే చిమ్మేవి, ఫిల్టర్ బ్యాక్‌వాష్ చేసినప్పుడల్లా కాలువలో కలిసేవి వేరే. ఫిల్టరే పెట్టించనిచోట ఇంకా ఘోరం. నాలుగు రోజులకే నీళ్లు పాకురు పట్టి పచ్చబడతాయి. ఉన్నవన్నీ వదిలేసి మళ్లీ బోరు మోటరు ఆన్ చేస్తారు. వారానికోసారి ఇలా చేస్తే నెలకు రెండు లక్షల లీటర్లు దాటిపోతాయి. దయచేసి ఈ పని మాత్రం చేయకండి.

కరెంటు సంగతీ చూడండి. ఒక హెచ్‌పీ ఫిల్టర్ మోటరు రోజుకు ఆరు గంటలు తిరిగితే నెలకు 130 యూనిట్లకు పైనే కాలుతుంది. ఇంటి మీటరు 200 యూనిట్లు దాటిందంటే మొదటి యూనిట్ నుంచే రేటు మారిపోతుంది. వ్యవసాయ కనెక్షన్ ఉంది కదా అని దాని మీద పూల్ నింపుతుంటే అది తప్పు. ఆ ఉచిత కరెంటు పంటకిచ్చింది.

బిల్లులో కనపడని నష్టం భూమి లోపల జరుగుతుంది. మన కింద ఉన్నది నల్లరేగడి కాదు, ఇసుక కాదు, గట్టి రాయి. నీళ్లు పై మెత్తటి పొరలోనూ, బండ పగుళ్లలోనూ మాత్రమే నిలుస్తాయి. మీ బోరుకూ పక్క రైతు బోరుకూ ఒకే పగులు ఆధారమైతే, మీరు గట్టిగా లాగిన రోజు అతని మడి తడవదు. గుర్తులు ముందే కనపడతాయి. రెండించుల నీళ్లు పోసిన బోరు ఆగి ఆగి పోస్తుంది. నీళ్లలో మన్ను వస్తుంది. మోటరు వేడెక్కి కాలుతుంది. అప్పుడు చాలామంది మరింత లోతు బోరు వేయిస్తారు. అది నీళ్లు పెంచడం కాదు, మిగిలినవి తొందరగా తోడేయడం. కొత్త బోరుకు 2002 నాటి వాల్టా (నీరు, భూమి, చెట్ల) చట్టం కింద అనుమతి ఉండాలని కూడా మరవొద్దు.

రంగనాయక సాగర్ వచ్చింది, కొండపోచమ్మ సాగర్ వచ్చింది, 50 టీఎంసీల మల్లన్న సాగర్ కూడా వచ్చింది, ఇక నీళ్లకేం కొదవ అంటున్నారు కొందరు. ఆ జలాశయాల్లోవన్నీ కాళేశ్వరం ప్రాజెక్టు మోటర్లతో ఎత్తిపోసిన నీళ్లు. 2023 అక్టోబర్‌లో ఆ ప్రాజెక్టులోని మేడిగడ్డ బ్యారేజీ పిల్లర్లు కుంగినప్పుడు ఆ భరోసా ఎంత గట్టిదో చూశాం. నల్లా కోసం బిందెలు వరుసలో పెట్టిన రోజులు ఇక్కడి పెద్దవాళ్లకు గుర్తే. దిగువ మానేరు జలాశయం నుంచి పైపులైన్ వేసి తెచ్చుకుంటేనే సిద్దిపేట గొంతు తడిసింది. మిషన్ భగీరథకు నమూనాగా చెప్పుకునే పథకం అదే. ఆ నల్లాకు మోటరు బిగించి పూల్‌లోకి లాగితే వీధి చివరి ఇంటికి చుక్క చేరదు.

నిజంగా ఎడారిలో ఉన్న లాస్ వెగాస్ ప్రాంతంలోనే 2022 నుంచి ఇళ్లలో కొత్తగా కట్టే పూల్‌లు 600 చదరపు అడుగులు దాటకూడదన్నారు. 2024 మార్చిలో బెంగళూరులో బోర్లు ఎండిపోతే తాగునీటిని పూల్‌లకు వాడొద్దని జలమండలి నిషేధించింది, కాదంటే అయిదు వేల జరిమానా. చేయి దాటాక వచ్చిన ఆంక్షలవి. మనకింకా సమయం ఉంది.

ఇంకా తవ్వనివాళ్లు వీలైతే మానుకోండి. తప్పదంటే చిన్నది వేసుకోండి, ఫిల్టర్ లేకుండా వేయకండి, వాన నీటికి ఇంకుడు గుంత తవ్వించండి. ఇప్పటికే ఉన్నవాళ్లు వాడనప్పుడు మీద కవర్ పరిస్తే పైనుంచి పోయాల్సిన నీళ్లు దాదాపు మూడో వంతు నుంచి సగం దాకా తగ్గుతాయి. ఎండాకాలంలో ఖాళీ చేసి నింపే పని పెట్టుకోవద్దు. వదలక తప్పకపోతే, క్లోరిన్ వాసన పోయేదాకా ఎండలో ఉంచి చెట్లకు పెట్టండి.

లీకేజీ ఉందేమో ఈ రాత్రే చూసుకోండి. పూల్ నీళ్లే ఒక బకెట్‌లో నింపి, మెట్టు మీద మునిగీ మునగనట్టు పెట్టండి. బకెట్ లోపలి మట్టానికి ఒక గీత, బయట పూల్ మట్టానికి ఒక గీత గీయండి. ఫిల్టర్ మోటరు ఆపేయండి. మర్నాడు అదే వేళకు చూడండి. బకెట్‌లో కన్నా పూల్‌లో ఎక్కువ తగ్గితే అది ఎండ కాదు, పగులు. మేస్త్రీని పిలవండి. అది పూడ్చేదాకా బోరు ఆన్ చేయకండి.